ఆకివీడు కొట్లో ఉన్న లినక్స్ కంప్యూటర్‌ని హైదరాబాద్ నుంచి వాడుకోవడం ఎలా?

మేతకొట్టు_ఆకివీడు

అందరికీ నమస్కారమండీ. మాది రొయ్యల మేత, చెరువు మందుల కొట్టు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, ఆ తర్వాత కొట్లో ఉన్న డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేయించాను. రైతుల ఖాతాలన్నీ లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లోనే ఉంటాయి. ఎవరికి ఎన్ని బస్తాలు వెళ్లాయి, పట్టుబడి అయ్యాక ఎంత జమ పడింది, ఇంకా బాకీ ఎంత, అంతా అందులోనే.

ఇప్పుడు నేను తరచుగా హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉండాల్సి వస్తోంది. కొట్లో మా బావమరిది కూర్చుంటాడు. నాకు కావాల్సినవి రెండు. తను ఎక్కడైనా ఆగిపోతే అదే స్క్రీన్ నేనిక్కడ చూసి సరిచేయాలి. కొట్టు కట్టేశాక రాత్రిపూట నేనే కూర్చుని ఖాతాలు రాసుకోవాలి. ఇక్కడ నా దగ్గరున్నది అమ్మాయి విండోస్ 11 ల్యాప్‌టాప్.

తెలిసినాయన ఒకరు "రౌటర్‌లో 3389 పోర్టు తెరిచేస్తే చాలు" అంటున్నారు. చేయమంటారా?

తణుకు_నెట్‌వర్క్

వద్దండీ. మిగతా ఏం చేసినా పర్లేదు, అది మాత్రం చేయొద్దు.

3389 అంటే ఆర్‌డీపీ (దూరం నుంచి స్క్రీన్ చూసి నడిపే మైక్రోసాఫ్ట్ పద్ధతి) వాడే పోర్టు, అంటే బయటి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు లాంటిది. ఇంటర్నెట్‌లో ఆ పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు రాత్రీపగలూ నడుస్తూనే ఉంటాయి. కనబడగానే పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూస్తాయి. వాటికి మీ కొట్టు చిన్నదా పెద్దదా అనవసరం. వరద రోజుల్లో కాలువ లాకు తలుపులు ఎత్తేసి ఇంటికెళ్లి పడుకున్నట్టు ఉంటుంది ఆ పని. అలాంటిదే ఇంకో పద్ధతి వీఎన్‌సీ, అది వాడే 5900కీ ఇదే మాట.

ఇంకోటి. తెరిచినా పని చేస్తుందన్న నమ్మకం లేదు. మన వైపు ఇళ్లకీ కొట్లకీ ఇచ్చే కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీకంటూ ఉండే అడ్రసు) ఉండదు. చాలామంది కలిపి ఒకే ఐపీ వెనక ఉంటారు, దీన్నే సీజీనాట్ అంటారు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు) చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ వెనకే ఉన్నారు. 10తో మొదలైనా దాదాపు అదే సంగతి. అప్పుడు బయటి నుంచి వచ్చేది మీ రౌటర్ దాకా రానే రాదు, పోర్టు తెరిచి లాభం లేదు.

మేతకొట్టు_ఆకివీడు

బావమరిదితో చూయించానండీ. 100.72తో మొదలవుతోంది. మరి దారేంటి?

గోదారిగట్టు

దారి ఉందండీ, అదీ తేలికైనదే. కొట్లో కంప్యూటర్, మీ ల్యాప్‌టాప్ రెండూ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో ఉండేలా చేసి, ఆ లోపలే రిమోట్ డెస్క్‌టాప్ నడపాలి. బయటి ప్రపంచానికి ఏ పోర్టూ కనబడదు. నేను ధవళేశ్వరంలో ఉంటూ రావులపాలెంలో మా అన్నయ్య గారి గోడౌన్ కంప్యూటర్ ఇలాగే చూస్తుంటాను.

దీనికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టేది) ఉంది. 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది. అయితే ఉత్త వైర్‌గార్డ్‌కి ఏదో ఒక వైపు పబ్లిక్ ఐపీ ఉండాలి, మీకు అది లేదు. కాబట్టి టెయిల్‌స్కేల్ వాడండి. లోపల వైర్‌గార్డే, కానీ రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి వెతుక్కునే పని అదే చూసుకుంటుంది. సీజీనాట్ వెనక ఉన్నా కలుస్తాయి. నేరుగా దారి దొరకకపోతే వాళ్ల సర్వర్ మీదుగా వెళ్తుంది, అప్పుడు కూడా డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. సొంత వాడకానికి ఉచితం.

రెండు చోట్లా ఇన్‌స్టాల్ చేసి ఒకే ఖాతాతో లాగిన్ అవండి. ఒక్కో కంప్యూటర్‌కి 100తో మొదలయ్యే అడ్రసు ఇస్తుంది. ఇకపై కొట్లో కంప్యూటర్‌కి అదే చిరునామా. ఆ ఖాతాకి రెండంచెల లాగిన్ తప్పకుండా పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు తాళం చెవి అదే.

ఒక్క సెట్టింగు మాత్రం మర్చిపోవద్దు. టెయిల్‌స్కేల్‌లో ప్రతి కంప్యూటర్ తాళానికీ 180 రోజుల గడువు ఉంటుంది. గడువు తీరగానే కొట్లో కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి జారిపోతుంది, మీరేమో హైదరాబాద్‌లో ఉంటారు. వాళ్ల వెబ్‌సైట్లో మెషీన్ల జాబితా తెరిచి, కొట్టు కంప్యూటర్ పక్కనున్న మెనూలో "డిజేబుల్ కీ ఎక్స్‌పైరీ" నొక్కేయండి.

అమలాపురం_అమ్మాయి

అన్నయ్య గారూ, గోదారిగట్టు గారు చెప్పినదానికి ఒక ముందు మెట్టు కలుపుతాను. డెస్క్‌టాప్ సంగతి తర్వాత, మొదట ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి టెక్స్ట్ కమాండ్లు ఇచ్చే దారి) పెట్టుకోండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ అనే ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. నేను బెంగళూరులో ఉద్యోగం, నాన్నగారు అమలాపురంలో. ఆయన కంప్యూటర్‌లో స్క్రీన్ రాకుండా పోయిన ప్రతిసారీ నన్ను ఆదుకున్నది ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే. నల్ల స్క్రీన్ వచ్చినా, డెస్క్‌టాప్ బిగుసుకుపోయినా, కమాండ్ లైన్‌లో లోపలికి వెళ్లి సర్వీస్ రీస్టార్ట్ చేయొచ్చు, లేదా మొత్తం కంప్యూటర్‌నే రీబూట్ చేయొచ్చు. ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్న రోజున కూడా టెక్స్ట్ మాత్రం వచ్చేస్తుంది.

పాస్‌వర్డ్‌తో కాకుండా కీతో (తాళం చెవి లాంటి ఫైలుతో) లాగిన్ అయ్యేలా చేసుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ నడిపి ఈడీ25519 రకం కీ తయారు చేసి, దాని పబ్లిక్ భాగాన్ని కొట్టు కంప్యూటర్‌కి పంపాలి. అది పని చేస్తోందని చూసుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి. ముందే ఆపేస్తే మీరే బయట ఉండిపోతారు.

భీమవరం_ల్యాబ్

అసలు సంగతికి వస్తాను. అన్నగారు అడిగిన రెండు పనులూ ఒకటి కావు, ఇక్కడే చాలామంది తికమక పడతారు.

మొదటిది, బావమరిది గారి ముందున్న స్క్రీనే మీరూ చూడటం. మౌస్ మీరు కదిపితే ఆయనకీ కదులుతూ కనబడుతుంది. రెండోది, ఆ కంప్యూటర్‌లోకి మీరు విడిగా లాగిన్ అవడం. అక్కడి మానిటర్ మీద ఏమీ కనబడదు, మీ పని మీది.

ఉబుంటు 24.04లో ఉన్న డెస్క్‌టాప్ గ్నోమ్ 46. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే రెండు భాగాలు కనబడతాయి. "డెస్క్‌టాప్ షేరింగ్" మీ మొదటి అవసరానికి. "రిమోట్ లాగిన్" రెండోదానికి, ఇది గ్నోమ్ 46లోనే కొత్తగా వచ్చింది. రెండూ ఆర్‌డీపీనే, కాబట్టి విండోస్‌లో ముందే ఉండే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌తో కలపొచ్చు.

రిమోట్ లాగిన్‌లో పెట్టే యూజర్ పేరు, పాస్‌వర్డ్ వేరు, కంప్యూటర్ లాగిన్ వేరు. మొదటిది దాటితే మామూలు ఉబుంటు లాగిన్ స్క్రీన్ వస్తుంది, అక్కడ మళ్లీ మీ అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. విండోస్ నుంచి కలిసేటప్పుడు మధ్యలో తెగిపోతుంటే, కనెక్షన్‌ని .ఆర్‌డీపీ ఫైలుగా సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, "యూజ్ రీడైరెక్షన్ సర్వర్ నేమ్" అనే వరుస ఇంగ్లిష్‌లో చేర్చి దాని విలువ 1 పెట్టండి. గ్నోమ్ మిమ్మల్ని లాగిన్ స్క్రీన్ నుంచి అసలు సెషన్‌లోకి మళ్లించేటప్పుడు విండోస్‌కి ఆ వరుస కావాలి.

ఇక ముఖ్యమైనది. ఒకే యూజర్ కొట్లో లాగిన్ అయి ఉండగా అదే యూజర్‌తో దూరం నుంచి రిమోట్ లాగిన్ అవబోతే కుదరదు. కాబట్టి మీకో యూజర్, బావమరిది గారికో యూజర్ చేయండి. ఖాతాల ఫోల్డరు ఇద్దరికీ అందేలా ఒక గ్రూపు పెట్టి అనుమతులు ఇవ్వండి. పైగా ఎవరి లాగిన్ వాళ్లకి వేరుగా ఉంటుంది, వ్యాపారంలో అది మంచిదే.

లంకవాసి

నా పద్ధతి వేరండీ. మాది గోదావరి మధ్యలో లంక ఊరు. ఫైబర్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే గతి. గ్నోమ్ డెస్క్‌టాప్ దూరం నుంచి వాడితే బొమ్మ కదలడానికే సమయం పడుతుంది. నేను ఎక్స్‌ఆర్‌డీపీ (లినక్స్‌లో విడిగా వేసుకునే ఆర్‌డీపీ సర్వర్) వేసి, దానితో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే చిన్న డెస్క్‌టాప్ నడుపుతున్నాను. నీడలు, కదిలే హంగులు ఏమీ ఉండవు కాబట్టి తేలిక. క్లయింట్‌లో రంగులు 16 బిట్‌కి తగ్గించి, వాల్‌పేపర్ తీసేసి ఉత్త రంగు పెడితే ఇంకా బాగుంటుంది. ఖాతాల గళ్లు చూడటానికి అంతకంటే ఏం కావాలి?

ఎక్స్‌ఆర్‌డీపీ తన స్క్రీన్ తనే తయారు చేసుకుంటుంది, మానిటర్ లేని పాత సీపీయూ అయినా సరిపోతుంది.

కైకరం_శివ

లంకవాసి గారూ, నేనూ ఎక్స్‌ఆర్‌డీపీ పెట్టాను. పాస్‌వర్డ్ తీసుకుంటుంది, తర్వాత అంతా నలుపు. కాసేపటికి తెగిపోతోంది. మీకు ఇలా రాలేదా?

లంకవాసి

ఆ నలుపు ఎక్స్‌ఆర్‌డీపీ వాడే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అదే యూజర్ ఆ కంప్యూటర్ ముందు లాగిన్ అయి లేడు కదా, ముందు అది చూడండి. నూటికి ఎక్కువ భాగం కారణం అదే, లాగౌట్ అయితే పోతుంది.

అది కాకపోతే, మీ హోమ్ ఫోల్డర్‌లో .ఎక్స్‌సెషన్ అనే ఫైలు పెట్టి అందులో ఒకే వరుస, ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్ అని ఇంగ్లిష్‌లో రాయండి. ఏ డెస్క్‌టాప్ మొదలెట్టాలో అప్పుడు దానికి తెలుస్తుంది. ఎక్స్‌ఆర్‌డీపీ అనే యూజర్‌ని ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్ గ్రూపులో చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చేయండి, లేకపోతే సర్టిఫికెట్ తాళం దానికి చదవడానికి రాదు. అప్పటికీ రాకపోతే వార్ లాగ్ ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ లాగ్, మీ హోమ్‌లో .ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ చివరి వరుసలు ఇక్కడ పెట్టండి.

కైకరం_శివ

లాగౌట్ చేయించాను. వచ్చేసిందండీ! చాలా థ్యాంక్స్.

భీమవరం_ల్యాబ్

ఇక్కడే ఒక మాట. గూగుల్‌లో వెతికితే ఎక్స్11వీఎన్‌సీ పెట్టుకోమని పాత వ్యాసాలు బోలెడు వస్తాయి. అది ఎక్స్11 (లినక్స్‌లో స్క్రీన్ మీద బొమ్మ చూపే పాత వ్యవస్థ) మీద మాత్రమే పని చేస్తుంది. ఉబుంటు ఇప్పుడు మామూలుగా దాని తర్వాత వచ్చిన వేలాండ్ మీద నడుస్తుంది, 25.10 వెర్షన్‌లో అయితే గ్నోమ్‌కి ఎక్స్11 సెషన్‌నే తీసేశారు. కాబట్టి వ్యాసం ఏ ఏడాదిదో చూసి అనుసరించండి. లినక్స్ మింట్ సినమన్ వాడేవాళ్లకి మామూలుగా ఎక్స్11 ఉంటుంది, వాళ్లకి ఎక్స్11వీఎన్‌సీ పర్లేదు. వాడితే మాత్రం పోర్టు బయటపెట్టకుండా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ లోంచే తీసుకెళ్లండి.

కౌలురైతు_మండపేట

ఇంత శ్రమ దేనికండీ? ఖాతా ఫైళ్లే కావాలంటే సింక్‌థింగ్ పెట్టుకుంటే రెండు చోట్లా ఒకే ఫైలు ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ అక్కర్లేదు.

అమలాపురం_అమ్మాయి

ఒక్కరే రాసే ఫైలైతే మీరు చెప్పింది చక్కటి పద్ధతండీ. కానీ ఇక్కడ ఇద్దరు రాస్తారు. ఇద్దరూ ఒకేసారి మారిస్తే సింక్‌థింగ్ రెండో కాపీని "సింక్-కాన్‌ఫ్లిక్ట్" అని వేరే పేరుతో పక్కన పెడుతుంది. ఏ రైతు జమ ఏ కాపీలో ఉందో వెతుక్కోవాలి. డబ్బు లెక్కల్లో అది చాలా ప్రమాదం. ఒకే కంప్యూటర్‌లో ఒకే ఫైలు ఉంటే, ఒకరు తెరిచి ఉండగా రెండోవారికి లిబ్రేఆఫీస్ "ఈ ఫైలు వాడుకలో ఉంది" అని చెప్పి, చదవడానికి మాత్రం తెరవమంటుంది. నాకైతే అదే కావాలి.

సింక్‌థింగ్‌ని బ్యాకప్ కోసం వాడొచ్చు. కొట్టు నుంచి హైదరాబాద్‌కి ఒకవైపే పంపేలా పెట్టండి.

మేతకొట్టు_ఆకివీడు

మీరంతా ఇంత ఓపిగ్గా చెబుతుంటే చాలా సంతోషంగా ఉందండీ. ఎస్‌ఎస్‌హెచ్ అయింది. టెయిల్‌స్కేల్ అయింది, గడువు తీసేశాను. డెస్క్‌టాప్ షేరింగ్ కూడా వచ్చింది, బావమరిది స్క్రీన్ చక్కగా కనబడింది.

కానీ నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక ఇక కలవడం లేదు. కంప్యూటర్ ఆన్‌లోనే ఉందంటున్నాడు. ఏమై ఉంటుంది?

గోదారిగట్టు

బావమరిది గారికి ఆటోమేటిక్ లాగిన్ పెట్టారా? పాస్‌వర్డ్ అడక్కుండా నేరుగా డెస్క్‌టాప్ వచ్చేస్తుందా?

మేతకొట్టు_ఆకివీడు

అవునండీ, తనకి సులువని అలా పెట్టాం.

గోదారిగట్టు

అదే కారణం. డెస్క్‌టాప్ షేరింగ్ పాస్‌వర్డ్ గ్నోమ్ కీరింగ్‌లో దాచి ఉంటుంది. మనిషి పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయితేనే ఆ కీరింగ్ తెరుచుకుంటుంది. ఆటోమేటిక్ లాగిన్‌లో అది మూసే ఉంటుంది, షేరింగ్‌కి తన పాస్‌వర్డే దొరకదు. ఆటోమేటిక్ లాగిన్ తీసేయండి. స్క్రీన్ లాక్ పడినా షేరింగ్ తెగిపోతుంది, కొట్టు తెరిచి ఉన్న సమయంలో లాక్ అయ్యే వ్యవధి పెంచుకోండి. రిమోట్ లాగిన్‌కి ఈ చిక్కులు లేవు, అది సిస్టమ్ సర్వీసుగా ఎవరూ లాగిన్ కాకముందే సిద్ధంగా ఉంటుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. దూరం నుంచి వాడే కంప్యూటర్‌కి సాఫ్ట్‌వేర్ కంటే కరెంటు పెద్ద సమస్య. నా అనుభవంలో కనెక్షన్ దొరక్కపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరవగలిగే సెట్టింగుల్లోకి) వెళ్లి "రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" లాంటి సెట్టింగు వెతకండి. దాన్ని పవర్ ఆన్‌కి మార్చితే కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తనే లేస్తుంది. లేకపోతే ఎవరో వెళ్లి బటన్ నొక్కాలి, రాత్రి కొట్టు తాళం వేసి ఉంటే ఎవరు నొక్కుతారు? కంప్యూటర్‌కి యూపీఎస్ ఉన్నా చాలదు, రౌటర్‌నీ ఫైబర్ డబ్బానీ కూడా బ్యాకప్ మీద పెట్టాలి. వాటికి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తానికీ ఎన్‌క్రిప్షన్ పెట్టించారేమో కనుక్కోండి. పెడితే బూట్ అవుతూనే పాస్‌ఫ్రేజ్ అడిగి ఆగిపోతుంది. ఆ దశలో నెట్‌వర్కూ ఉండదు, ఎస్‌ఎస్‌హెచ్చూ ఉండదు. భద్రత కోణంలో ఎన్‌క్రిప్షన్ మంచిదే, కానీ మీరు లేని చోట కరెంటు పోయినప్పుడల్లా అది కొట్టేందుకు మనిషి కావాలి.

నిద్ర కూడా ఆపండి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సస్పెండ్ ఆపినా, లాగిన్ స్క్రీన్‌కి తన సొంత సెట్టింగు వేరే ఉంటుంది, ఎవరూ లాగిన్ కాకపోతే కాసేపటికి పడుకుంటుంది. అందుకే సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ అనే కమాండ్‌తో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్-స్లీప్ టార్గెట్లు నాలుగూ మూసేయండి.

తణుకు_నెట్‌వర్క్

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం కంప్యూటర్‌ని మర్యాదగా షట్‌డౌన్ చేసి, ప్లగ్గూ నెట్ కేబులూ రెండూ పీకించండి. 2025 అక్టోబరులో మొంథా మన తీరం దాటిన రాత్రి గుర్తుంది కదా. సముద్రం దగ్గరున్న ఊళ్లలో అలాంటప్పుడు కరెంటు వస్తూ పోతూ ఉంటే కాలిపోయేది పవర్ సప్లయ్, పోయేది హార్డ్ డిస్క్. ఆ రోజు రిమోట్ పని వదులుకోవడమే. బ్యాకప్ హైదరాబాద్‌లో ఉంటే ఖాతాలు చూసుకోవడానికి ఇబ్బంది ఉండదు.

ఫైర్‌వాల్ గురించి కూడా. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. 3389నీ 22నీ టెయిల్‌స్కేల్0 అనే ఇంటర్‌ఫేస్ మీద మాత్రమే అనుమతించి అప్పుడు ఆన్ చేయండి. కొట్టు వైఫై పాస్‌వర్డ్ వచ్చిపోయే వాళ్లకి ఇచ్చి ఉంటే ఇది తప్పనిసరి. 22ని ముందు అనుమతించకుండా ఆన్ చేస్తే మీ ఎస్‌ఎస్‌హెచ్ మీద మీరే తలుపు వేసుకున్నట్టు, కాబట్టి మొదటిసారి కొట్లో కూర్చునే చేయండి.

మాస్టారు_పాలకొల్లు

నాయనా, ఈ చర్చ చదివే పెద్దవాళ్ల కోసం ఒక జాగ్రత్త. ఎవరో ఫోన్ చేసి "బ్యాంకు నుంచి", "కరెంటాఫీసు నుంచి" అని చెప్పి, రిమోట్ యాప్ వేసుకోమని, అందులో కనబడే నంబరు చెప్పమని అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఆ నంబరు చెప్పడమంటే మన స్క్రీన్ వాళ్ల చేతిలో పెట్టడమే, ఓటీపీ కూడా వాళ్లకే కనబడుతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మనవాళ్లు అడిగితే ఇవ్వడం వేరు, ముక్కూమొహం తెలియని వాళ్లు అడిగితే ఇవ్వడం వేరు.

నాదొక సందేహం కూడా ఉంది. నేను తెలుగులో టైపు చేస్తాను. రిమోట్‌లో తెలుగు వస్తుందా?

భీమవరం_ల్యాబ్

వస్తుంది మాస్టారూ. మీ ముందున్న కంప్యూటర్‌లో ఇంగ్లిష్ కీబోర్డే ఉంచి, అవతలి ఉబుంటులో మాత్రం తెలుగు లేఅవుట్ ఎంచుకోండి. రెండు చోట్లా తెలుగు పెడితే అక్షరాలు తారుమారు కావచ్చు. ఇక్కడ రాసిన తెలుగుని కాపీ చేసి అక్కడ పేస్ట్ చేసినా సరిగ్గానే పడుతుంది.

మేతకొట్టు_ఆకివీడు

అన్నీ చేయించానండీ. కొట్లో మా అబ్బాయి స్నేహితుడు కూర్చుని బయోస్, ఫైర్‌వాల్ చూశాడు. ఎన్‌క్రిప్షన్ లేదు. ఇద్దరికీ వేరే యూజర్లు పెట్టాం. మెయిన్ స్విచ్ తీసి వేయించి చూశాను, కంప్యూటర్ తనే లేచింది, నేను ఇక్కడి నుంచి రిమోట్ లాగిన్‌తో వెళ్లి ఫైలు తెరిచాను. ఆ రీడైరెక్షన్ వరుస చేర్చేదాకా తెగిపోయింది, చేర్చాక ఆగలేదు.

ఒక్కటే మిగిలింది. రైతుకి ఇచ్చే బిల్లు నేను ఇక్కడ తయారు చేస్తే కొట్లో ప్రింటర్ మీద రావాలి. దానికి ఇంకేమైనా పెట్టాలా?

గోదారిగట్టు

ఏమీ పెట్టక్కర్లేదండీ. మీరు నడుపుతున్నది కొట్టు కంప్యూటర్‌నే కదా, అందులోంచి ప్రింట్ ఇస్తే కొట్లో ప్రింటర్ మీదే వస్తుంది. మీ కొత్త యూజర్‌తో లాగిన్ అయి డీఫాల్ట్ ప్రింటర్ అదే ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ప్రింటర్ ఆన్‌లో ఉంచమని, కాగితాలు పెట్టమని బావమరిది గారికి చెప్పండి.